కనిపించని పనితనం: ఓమ్‌స్టెడ్, సెంట్రల్ పార్కు

అమెరికాలో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌కు ఒక వృత్తిగా గుర్తింపు తెచ్చినవారిలో ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ (1822–1903) ముఖ్యుడు. ఆయనను ప్రకృతి ప్రేమికుడని పొగడడం పరిపాటి. అందులో అబద్ధం లేదు గానీ, ఆయన పనిని అర్థం చేసుకోవడానికి ఆ మాట మీకు పెద్దగా ఉపయోగపడదు. న్యూయార్క్‌లోని సెంట్రల్ పార్కును తీసుకోండి. అక్కడి చెరువులన్నీ మనుషులు తవ్వినవే. చిత్తడి నేలను ఆరబెట్టి, రాతిని పేల్చి, వేలమంది కూలీలు మట్టి మోసి తయారు చేసిన స్థలం అది. ఆ శ్రమ చూపరి కంటికి ఆనకుండా చేయడమే ఓమ్‌స్టెడ్ కళ.

ఆయన ఈ విద్యను ఏ కళాశాలలోనూ చదువుకోలేదు. 1843లో ఓడ నావికుడిగా చైనా వెళ్లాడు. తర్వాత స్టాటెన్ ఐలండ్‌లో వ్యవసాయం చేశాడు. 1850లో ఇంగ్లండ్‌లో కాలినడకన తిరుగుతూ బర్కెన్‌హెడ్‌లో సామాన్యుల కోసం కట్టిన పార్కు చూసి ఆశ్చర్యపోయాడు. 1852 నుంచి పత్రికా రచయితగా దక్షిణ రాష్ట్రాల్లో పర్యటించి, బానిసత్వం ఆర్థికంగా కూడా నష్టమేనని రాశాడు. 1857లో పార్కు పనులకు సూపరింటెండెంట్‌గా చేరాడు.

1858 పోటీలో 33 నమూనాలు వచ్చాయి. గెలిచినది ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ కలిసి గీసినది. (శిక్షణ పొందిన వాస్తుశిల్పి వాక్స్, ఓమ్‌స్టెడ్‌ను పోటీకి పిలిచిందీ ఆయనే. చరిత్ర మాత్రం ఒక్క పేరునే గుర్తు పెట్టుకుంది.) పార్కును అడ్డంగా దాటే నాలుగు రోడ్లు ఉండాలన్నది పోటీ నిబంధన. వీరు ఆ రోడ్లను నేలమట్టానికి దిగువన, కందకాల్లా నడిపించారు. బండ్లు కింద పోతాయి, పైన నడిచేవారికి పచ్చిక తెగినట్లు కనిపించదు. మోటారు కార్లు రాకముందే చేసిన ఈ ఏర్పాటు నేటికీ పనిచేస్తోంది. నా దృష్టిలో ఆ నమూనాలో అత్యుత్తమ భాగం చెరువులు కావు, ఈ రోడ్లే.

ఇక ఆయన ఆశయం. వేసవిలో ఊరు దాటి వెళ్లలేని శ్రామికులకు పార్కు పల్లెగాలి ఇవ్వాలని, ధనికులూ పేదలూ అక్కడ కలవాలని కోరుకున్నాడు. ఈ మాటను మీరు యథాతథంగా స్వీకరించకండి. అప్పట్లో పేదలు ఎక్కువగా ఉన్నది మైళ్ల దూరాన, ద్వీపం దక్షిణ భాగంలో. పార్కుకు వచ్చినా ఆటలపై, పచ్చికపై నడవడంపై ఆంక్షలుండేవి.

అంతకన్నా బరువైన విషయం సెనెకా విలేజ్. 1825లో మొదలైన ఈ ఊళ్లో 1855 నాటికి దాదాపు 225 మంది ఉండేవారు, అత్యధికులు నల్లజాతివారు. మూడు చర్చీలు, ఒక బడి ఉండేవి. న్యూయార్క్‌లో నల్లజాతి పురుషుడు ఓటు వేయాలంటే 250 డాలర్ల స్థిరాస్తి ఉండాలన్నది 1821 నాటి నియమం. కాబట్టి అక్కడి ఇంటిస్థలం అంటే తలదాచుకునే చోటే కాదు, ఓటు హక్కు కూడా. పార్కు కోసం 1857 నాటికి అందరినీ ఖాళీ చేయించారు. నిర్ణయం ఓమ్‌స్టెడ్‌ది కాదు, ఆయన చేరకముందే జరిగింది. కానీ శ్రమను దాచిన అదే పచ్చదనం ఆ ఊరినీ కప్పేసింది. 2011లో అక్కడ తవ్వినప్పుడు ఒక ఇంటి రాతి పునాది, ఇనుప టీ కెటిల్, చిన్నపిల్లల బూటు బయటపడ్డాయి.