అక్టోబరు ఒకటి నాటి ముద్ర

తొలిరోజు కవర్లంటే ఇప్పుడు సేకర్తల కోసమే అచ్చేసి, వాళ్ల కోసమే ముద్ర కొట్టి అమ్మేవి. 1869 అక్టోబరు 1న ఆస్ట్రియాలో ప్రపంచపు మొట్టమొదటి పోస్టుకార్డు అమ్మకానికి వచ్చినప్పుడు ఆ హడావిడేమీ లేదు. అవసరముండి కొన్నారు, నాలుగు ముక్కలు రాశారు, డబ్బాలో వేశారు. దాచాలన్న ఊహ లేకుండా వాడిన కార్డులు గనకే ఆనాటి ముద్రతో మిగిలినవి అంత అరుదు, నా దృష్టిలో అంత విలువైనవి. ఎగువ ఆస్ట్రియాలోని పెర్గ్‌ నుంచి కిర్ష్‌డోర్ఫ్‌కు ఆ రోజే బయల్దేరిన కార్డు సేకర్తల లోకంలో ప్రసిద్ధం.

ఆ కార్డు పనితనం చూడండి. లేత గోధుమరంగు అట్ట, దాదాపు అరచేయంత. ముందువైపు పైన విల్లులా వంగిన అక్షరాల్లో కార్డు పేరు, దాని కింద రెండు తలల రాచగద్ద. కుడిమూల పసుపు రంగులో రెండు క్రాయిట్జర్ల స్టాంపు, అందులో గడ్డంతో ఫ్రాంజ్‌ జోసెఫ్‌ చక్రవర్తి. స్టాంపు అతికించే పని లేదు, కార్డు మీదే అచ్చయింది. పేరుకూ ఊరికీ గీతలు. అంతే. మిగతాదంతా ఖాళీగా వదిలెయ్యడంలోనే ఉంది అసలు నేర్పు. వెనకవైపు మొత్తం రాసుకునేవాడిదే. అడుగున మాత్రం సన్నని అక్షరాల్లో ఒక మాట: రాసిన విషయానికి తపాలా శాఖ బాధ్యత వహించదని. కవరు లేని ఉత్తరాన్ని దారిలో ఎవరైనా చదవచ్చు మరి!

ఈ ఆలోచనను ఆ జనవరిలో వియన్నా పత్రికలో రాసి ఒప్పించినవాడు ఎమాన్యుయేల్‌ హెర్మన్‌ అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుడు. చిన్న కబురుకు కాగితం, కవరు, అయిదు క్రాయిట్జర్లు దండగ అన్నాడు. మాటలు ఇరవై మించకూడదన్న ఆయన షరతును తపాలావారు పక్కన పెట్టారు, మంచిపని చేశారు. మొదటి మూడు నెలల్లోనే లక్షల కార్డులు చెల్లిపోయాయి. మన దేశానికి కార్డు వచ్చింది పదేళ్ల తర్వాత, 1879 జులై 1న, కాలణాకు. అచ్చయింది లండన్‌లో.

తొలిరోజు కార్డని తేల్చడమే అసలు కష్టం. ఆనాటి ఆస్ట్రియా ముద్రల్లో చాలావాటిలో తేదీ, నెల ఉంటాయి గానీ సంవత్సరం ఉండదు. లేత పసుపు స్టాంపు మీద నల్లసిరా చక్కగా తేలి ‘1/10’ స్పష్టంగా కనబడినా, అది 1869దే అనడానికి చాలదు. మరుసటేడు అక్టోబరు 1 కూడా అలాగే ఉంటుంది. అందుకే అనుభవజ్ఞులు ముందు కార్డు తిప్పి చూస్తారు. రాసినవారు తమ చేత్తో పూర్తి తేదీ వేశారా, ఆ సిరా చిరునామా సిరాతో కలుస్తోందా, తర్వాతెవరైనా చేర్చారా అని భూతద్దంతో గాలిస్తారు. చేరిన ఊరి ముద్ర కూడా పడి ఉంటే, తేదీ సరిపోతే, ఆ కార్డుకు ఇంక సాక్ష్యం అక్కర్లేదు.