ఏడో ఏట విప్పే సీసా

షాటో ముసార్ రెడ్ వైన్ ద్రాక్ష కోసిన ఏడో ఏట గానీ అంగడికి రాదు. అంత సరుకును అన్నేళ్లు నేలమాళిగలో పడుకోబెట్టాలంటే ఏ వ్యాపారికైనా గుండె జారుతుంది. పదిహేనేళ్లు అంతర్యుద్ధంతో అట్టుడికిన లెబనాన్‌లో హోషార్ కుటుంబం ఆ పని చేసుకుంటూ వచ్చింది. ఆ వైన్‌కు ఈ రూపం ఇచ్చినవాడు సెర్జ్ హోషార్. 1959లో తండ్రి చేతిలోంచి పని అందుకునేనాటికి ఇరవయ్యేళ్ల కుర్రాడు.

తండ్రి గాస్టన్ హోషార్ 1930లో ఘజీర్ ఊళ్లో, మధ్యధరా సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక పాత కోటలో వైన్ పని మొదలుపెట్టారు. తోటలు మాత్రం కొండలకు అవతల, వెయ్యి మీటర్ల ఎత్తున్న బెకా లోయలో ఉన్నాయి. అప్పటికి సిరియా, లెబనాన్‌ల సరిహద్దు ఎక్కడ స్థిరపడుతుందో తెలియదు. లోయ అటుపోయినా కోట ఇటు మిగులుతుందన్న ముందుచూపుతో అలా చేశారంటారు. ఫలితంగా ప్రతి కోతకాలంలోనూ ద్రాక్ష లారీలెక్కి కొండ దాటి రావాల్సిందే. ఈ దారే తర్వాత వాళ్ల ప్రాణం మీదికి తెచ్చింది.

సెర్జ్ ముందు ఇంజనీరింగ్ చదివి, ఆపైన ఫ్రాన్సులోని బోర్డోలో వైన్ శాస్త్రం నేర్చుకున్నాడు. అక్కడి గురువుల్లో ఎమిల్ పెనో ఒకరు. పరిశుభ్రత, ఉష్ణోగ్రత, కొలత, అదుపు అంటూ ఒక తరం వైన్ తయారీదారులకు నేర్పిన మనిషి. శిష్యుడు అన్నీ శ్రద్ధగా విన్నాడు. ఇంటికొచ్చాక వాటిలో ఏది అక్కర్లేదో ఒక్కొక్కటే తేల్చుకుంటూ పోయాడు. తన రెడ్ వైన్ కుదిరిందని అనుకోవడానికి ఆయనకు పద్దెనిమిదేళ్లు పట్టింది. అంటే 1977 దాకా.

ఆ కుదిరిక ఏమిటో దగ్గరగా చూద్దాం. మూడు రకాల ద్రాక్ష: కాబర్నే సావిన్యాన్, కారిన్యాన్, సాన్సో. మొదటిది వగరు, నిలకడ ఇస్తుంది. రెండోది నోటికి దిట్టతనం ఇస్తుంది. మూడోది పరిమళం, మెత్తదనం తెస్తుంది. ఈ మూడూ ఒకే రోజు పండవు, ఒకే తీరులో పులియవు. అందుకే దేనికది వేరుగా సిమెంటు తొట్లలో పులియబెడతారు. బయటి నుంచి ఈస్ట్ కలపరు. తాటిచెట్టుకు కట్టిన లొట్టిలో కల్లు తనంతట తాను పొంగినట్టే, తొక్క మీదా గాలిలోనూ ఉన్న ఈస్టే ఇక్కడా పని చేస్తుంది. కొన్ని నెలలకు వైన్‌ను ఫ్రెంచ్ ఓక్ పీపాల్లోకి మారుస్తారు. అక్కడ ఒక్క ఏడాదే. ఓక్ వాసన వైన్‌ను మింగేయకుండా అంతటితో చాలిస్తారు.

అసలు పనితనం ఆ తర్వాతి మెట్టులో ఉంది. రెండో ఏడు ముగిసే వేళకు మూడింటినీ రుచి చూసి పాళ్లు నిర్ణయిస్తారు. ఇంచుమించు మూడోవంతు చొప్పున అంటారు గానీ, ఏ ఏటి పాళ్లు ఆ ఏటివే. కలిపినదాన్ని మళ్లీ సిమెంటు తొట్లలో సర్దుకోనిస్తారు. మూడో ఏట వడకట్టకుండానే సీసాల్లో నింపి, మరో నాలుగేళ్లు చీకట్లో పడుకోబెడతారు. నిన్నటి రుచి నేడు ఉండదు కాబట్టి, కలిపేవాడు ఇవాళ నాలుక మీద ఉన్నదాన్ని కాకుండా ఐదేళ్ల తర్వాత వచ్చేదాన్ని ఊహించి కలపాలి. సెర్జ్ నేర్పు అంతా ఈ ఊహలోనే కనిపిస్తుంది నాకు.

ఈ వైన్‌కు ఒక పేరుమోసిన లోపం ఉంది. వొలటైల్ ఎసిడిటీ, అంటే వెనిగర్ వైపు లాగే ఘాటు. పాఠ్యపుస్తకం ప్రకారం ఇది తప్పే. పైగా ఒకే ఏటి సీసాలు రెండు విప్పితే రెండు తీరులుగా ఉండొచ్చు. మెచ్చేవాళ్లెంతమందో విసుక్కునేవాళ్లూ అంతమంది ఉన్నారు. నా మట్టుకు ఇది అజాగ్రత్త కాదు, తెలిసి చేసిన బేరం. ఆ ఘాటును పూర్తిగా అణచాలంటే అడవి ఈస్ట్‌ను చంపాలి, వడకట్టాలి. అప్పుడు మిగిలేది బోర్డో శిష్యులు ఎక్కడైనా చేయగల వైన్. అయితే బేరం ప్రతిసారీ గిట్టుబాటు కాలేదు. పదును మరీ మించిన ఏళ్లున్నాయి.

1975లో యుద్ధం మొదలైంది. 1976లో వైన్ చేయడమే కుదరలేదు. 1984లో దారులు మూతబడి, కోసిన ద్రాక్ష రోజుల తరబడి ఆగిపోయి, కోట చేరేలోపే లారీల్లో పులవడం మొదలెట్టింది. ఆ ఏటి రెడ్ మామూలుగా అమ్మకానికి రాలేదు. మిగతా అన్నేళ్లూ కోత సాగింది, తొట్లు నిండాయి. గుండ్లు పడేటప్పుడు చుట్టుపక్కలవాళ్లు ఆ నేలమాళిగలోనే తలదాచుకున్నారు. స్వదేశంలో కొనేవాళ్లు కరువై సెర్జ్ సీసాలు పట్టుకుని ఇంగ్లండు వెళ్లాడు. 1979 బ్రిస్టల్ వైన్ సంతలో క్రిస్టీస్ వేలం సంస్థకు చెందిన మైకేల్ బ్రాడ్‌బెంట్ ముసార్ 1967ను ఆ సంతలో తాను కనుగొన్న విశేషంగా పొగిడాడు. అక్కణ్నుంచి దశ తిరిగింది. డికాంటర్ పత్రిక తొలిసారి ‘మ్యాన్ ఆఫ్ ది ఇయర్’ ఇచ్చింది సెర్జ్‌కే. అది 1984, ద్రాక్ష దారిలో చెడిన ఏడే.

ముసార్ తెల్ల వైన్‌ను చాలామంది పట్టించుకోరు గానీ, నాకు అదే ఎక్కువ ముచ్చట. ఒబైదే, మెర్వా అనే లెబనాన్ సొంత రకాలతో చేస్తారు. అంటు కట్టకుండా తమ వేళ్ల మీదే కొండచరియల్లో పెరిగిన పాత తీగలవి. ఇది కూడా ఏళ్లకేళ్లు నిలుస్తుంది, రంగు తేనె వైపు తిరుగుతుంది. సెర్జ్ రుచి చూపించేటప్పుడు రెడ్ అయ్యాకే దీన్ని పోసేవాడు.

ఆయన 2014 డిసెంబరు 31న మెక్సికోలో కన్నుమూశారు. ఇప్పుడు సంస్థను కొడుకులు నడుపుతున్నారు. తయారీ బాధ్యత 1990ల తొలినాళ్ల నుంచీ తారెక్ సక్ర్‌ది. ఏడేళ్ల నియమం మారలేదు.

తాగే అలవాటు ఉండి, లండన్‌లోనో న్యూజెర్సీలోనో ఇది కంటబడితే ఒక మాట. అడుగున మడ్డి ఉంటుంది కాబట్టి ముందురోజే సీసా నిలబెట్టండి. మరో పాత్రలోకి నెమ్మదిగా వంచి కొన్ని గంటలు గాలి తగలనివ్వండి. మొదటి గుక్కకే తీర్పు చెప్పకండి, గ్లాసులో అది మారుతూనే ఉంటుంది. తెల్లది దొరికితే ఫ్రిజ్‌లోంచి తీసి తిన్నగా పోయొద్దు. మరీ చల్లగా ఉంటే అందులో ఏముందో తెలియదు.