'వ్యక్తి' అన్న ఒక్క మాట

తీర్పులు న్యాయవాదుల సొత్తని మన విమర్శకులు వాటి జోలికి పోరు. చట్టమంతా పాలకవర్గాల పనిముట్టే గనుక చదవనక్కర లేదనే మిత్రులూ ఉన్నారు. ఈ రెండు ధోరణులూ సరికావని నా అభిప్రాయం. కొండలు పగలగొట్టి మేడలు లేపుతున్న ఈ నార్సింగిలో భూమి ఎవరిదన్నది ఊసుపోని చర్చ కాదు.

1997 జులై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పును తీసుకుందాం. నాటి విశాఖపట్నం జిల్లా అనంతగిరి ప్రాంతంలో ప్రభుత్వం తన భూములను గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకిచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరులకు ఏ వ్యక్తీ భూమి బదలాయించరాదని, 1970లో సవరించిన 1959 నాటి రెగ్యులేషను శాసిస్తోంది. మరి ప్రభుత్వం 'వ్యక్తి' అవుతుందా? అవుతుందన్నారు కె. రామస్వామి, ఎస్. సగీర్ అహ్మద్. కాదన్నారు జి.బి. పట్నాయక్. హైకోర్టు కొట్టివేసిన వాదం ఇద్దరి మాటతో నెగ్గింది.

ఆ అర్థం సమంజసమైనదే. పౌరుడు చేయరానిది ప్రభుత్వం చేయవచ్చునంటే, కంచె కట్టి గేటు తెరిచి పెట్టినట్టే.

అయితే ఈ తీర్పు అధికారం ఎంతవరకు? పై కోర్టు తీర్పు కింది కోర్టులను కట్టివేస్తుందన్నది ఇంగ్లీషు కామన్ లా సూత్రం. ఇంగ్లండు ప్రభువుల సభ తన తీర్పు తననూ బంధిస్తుందని 1898లో ప్రకటించి, 1966లో ఆ కట్టు సడలించుకుంది. మన రాజ్యాంగంలో సుప్రీంకోర్టు మాటకు ఆ బలమిచ్చింది 141వ అధికరణం. కాని కట్టివేసేది తీర్పులోని ప్రతి వాక్యమూ కాదు, నిర్ణయానికి ఆధారమైన కారణం మాత్రమే.

2001లో బాల్కో కేసులో మరో ముగ్గురు న్యాయమూర్తుల బెంచి సమత తీర్పు సబబుపై గట్టి సందేహాలు వెలిబుచ్చింది. కాని దాన్ని రద్దు చేయలేదు. మధ్యప్రదేశ్ చట్టం వేరు గనుక ఇక్కడ వర్తించదని పక్కన పెట్టింది. చట్టాల మాటలు వేరన్నది నిజమే. కాని సమత తీర్పు రెగ్యులేషను మీదనే నిలవలేదు. రాజ్యాంగపు అయిదో షెడ్యూలునూ వ్యాఖ్యానించింది. ఆ షెడ్యూలు ఉభయ ప్రాంతాలకూ ఒక్కటే గదా! దాని సంగతి తేల్చకుండా దాటవేయడం బాల్కో తీర్పులోని లోపం. రెండు ఆధారాలనూ విడదీసి, దేనికది నిలిచేలా రాయకపోవడం సమత తీర్పులోని లోపం. మొదటిది జరగడానికి రెండోది వీలు కల్పించింది.

గిరిజనుల పక్షాన వచ్చిన తీర్పు గదా అని మెచ్చుకుని ఊరుకుంటే ఈ బలహీనత మనకు కనబడదు. ప్రత్యర్థులకు మాత్రం కనబడుతుంది. అందుచేత మన అధ్యయన తరగతుల్లో సమత తీర్పును, పట్నాయక్ అసమ్మతితో కలిపి, పక్కపక్కన పెట్టి చదవవలసిందిగా ఉపాధ్యాయ మిత్రులను కోరుతున్నాను.