ముందుమాట ఎవరిది?

అమెరికా సాహిత్య చరిత్రని మాకు క్లాసులో చెప్పిన వరస ఇదీ. ప్యూరిటన్లు వచ్చారు, దేవుడి గురించి రాశారు. ఎమర్సన్ వచ్చాడు. తర్వాత మెల్విల్, విట్మన్, ట్వైన్, హెమింగ్వే, ఫాక్నర్. ఆఖర్న, సిలబస్ అయిపోయి టైముంటే, నల్లవాళ్లు. మా ఊళ్లో పెళ్లి భోజనాల వంతులు కూడా ఇట్టాగే ఉండేవి. ఊరంతా తిన్నాక వాడకి పిలుపు.

నేను ఆ చరిత్రని ఇంకో చోట నుంచి చదువుతాను, పుస్తకాల మొదటి పేజీల నుంచి. పుస్తకం పేరుకీ రచయిత మొదటి మాటకీ మధ్య ఎవడు నిలబడి ఉన్నాడు? ఎవడి సంతకం ఉంటే ఆ పుస్తకం బయటికొచ్చింది? సంతకం సంగతి మనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? పదో తరగతి గట్టెక్కగానే మనం నేర్చుకున్న ఇంగ్లీషు మాట అటెస్టేషన్. కులం సర్టిఫికెట్‌కి ఎమ్మార్వో సంతకం, మార్కుల జెరాక్సుకి గెజిటెడ్ ఆఫీసరు సంతకం. మా నాయన కూలి పోగొట్టుకుని నాతోపాటు ఆ ఆఫీసుల గుమ్మాల ముందు నిలబడ్డాడు. నువ్వు నువ్వేనని ఇంకోడు రాసిస్తేగానీ నువ్వు నువ్వు కావు. అమెరికాలో నల్లవాళ్ల సాహిత్యం సరిగ్గా ఇక్కడే మొదలైంది.

1761లో ఏడెనిమిదేళ్ల పిల్లని ఆఫ్రికా నుంచి తెచ్చి బోస్టన్‌లో అమ్మారు. తెచ్చిన ఓడ పేరు ఫిల్లిస్. కొన్న యజమాని ఇంటిపేరు వీట్లీ. ఆ పిల్ల ఫిల్లిస్ వీట్లీ అయింది. ఆ పేరులో ఆమెది ఒక్క అక్షరం లేదు. ఇంగ్లీషు నేర్చింది, లాటిన్ నేర్చింది, పద్యాలు రాసింది. బానిస పిల్ల పద్యం రాసిందంటే నమ్మేదెవరు? గవర్నరు, డిప్యూటీ గవర్నరు, పాదిరీలు, పెద్ద వ్యాపారులు, మొత్తం 18 మంది, ఇవి ఈమె రాసినవేనని నమ్ముతున్నామని సంతకాలు చేశారు. 1773లో అచ్చయిన ఆమె పుస్తకంలో పద్యాలకన్నా ముందు ఆ సంతకాలుంటాయి. వాటిలో ఒకటి జాన్ హాన్‌కాక్‌ది. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన కింద కొట్టొచ్చినట్టు కనపడే సంతకం కూడా ఆయనదే.

అన్ని సంతకాలున్నా పుస్తకం అచ్చయింది లండన్‌లో, బోస్టన్‌లో కాదు. మనుషులంతా సమానంగా పుట్టారని ప్రకటన రాసిన జెఫర్సన్, ఆమె పద్యాలు విమర్శకి కూడా తగవని తీసిపారేశాడు. 1784లో ఆమె పేదరికంలో చచ్చిపోయింది. రెండో పుస్తకం రాతప్రతి ఏమైందో ఈనాటికీ జాడ లేదు. ఎం.ఏ.లో నా మొదటి పేపరు తిరిగిస్తా, 'ఎక్కణ్ణించి ఎత్తావు?' అని ఒక లెక్చరరు అడిగాడు. 18 మంది ముందు ఆ పిల్ల సంగతి ఏమిటో నాకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

తెల్లవాళ్లకి ఈ సర్టిఫికెట్ అక్కర్లేదా? అక్కరైంది. 1650లో ఆన్ బ్రాడ్‌స్ట్రీట్ పద్యాలు లండన్‌లో అచ్చేసినప్పుడు, ఇది ఆడమనిషే రాసింది, ఇంటిపని చెడగొట్టుకోలేదు, నిద్ర మానుకుని రాసింది అని ఆమె బంధువు ముందుమాటలో హామీ పడ్డాడు. 1820లో ఒక ఇంగ్లీషు విమర్శకుడు అసలు అమెరికా పుస్తకం చదివేదెవరని ఎద్దేవా చేశాడు. ఆ అవమానంలోంచే 1837లో ఎమర్సన్ హార్వర్డ్‌లో లేచి, యూరప్ వెనకాల నడవడం చాలన్నాడు. ఆ ఎమర్సన్ తనకి రాసిన ఉత్తరంలో ఒక వాక్యాన్ని విట్మన్ 1856లో తన పుస్తకం అట్ట మీద బంగారు అక్షరాలతో, ఆయన్ని అడక్కుండానే, కొట్టించుకున్నాడు.

అంటే ఇంగ్లండు కింద అమెరికా, అమెరికా మగాడి కింద ఆడది, అందరి కిందా నల్లమనిషి. అంబేద్కర్ చెప్పిన మెట్ల అసమానత ఇదే కదా! పై మెట్టు వాడి మీద కోపం కింది మెట్టు వాడి మీద దయగా మారదు. కానీ తేడా గమనించండి. అమెరికావాణ్ణి అడిగింది, నీకు అభిరుచి ఉందా అని. బ్రాడ్‌స్ట్రీట్‌ని అడిగింది, ఇల్లు చూసుకున్నావా అని. వీట్లీని అడిగింది, నీకు బుద్ధి ఉందా, నువ్వు మనిషివేనా అని. సౌత్ కరోలినాలో 1740 నుంచే బానిసకి రాత నేర్పడం నేరం. శంబూకుడి కథ విన్నవాళ్లకి ఈ చట్టం కొత్తగా అనిపించదు.

1845లో ఫ్రెడరిక్ డగ్లస్ ఆత్మకథ వచ్చింది. స్వయంగా రాసుకున్నానని టైటిల్ పేజీ మీదే చెప్పుకోవాల్సొచ్చింది. దాని ముందు ఇద్దరు తెల్ల సంస్కర్తలు, గారిసన్ ముందుమాట, వెండెల్ ఫిలిప్స్ ఉత్తరం. వాళ్లు మంచివాళ్లే, బానిసత్వం మీద నిజంగా పోరాడినవాళ్లే. కానీ సభల్లో డగ్లస్‌కి వాళ్లు చెప్పిందేమిటి? నువ్వు జరిగింది చెప్పు, తత్వం మేం చూసుకుంటాం అని. ఈ సంగతి డగ్లస్ 1855లో రెండో ఆత్మకథలో తనే రాశాడు. ఆ పుస్తకానికి ముందుమాట రాసింది జేమ్స్ మెక్యూన్ స్మిత్, నల్ల డాక్టరు. పదేళ్లలో ముందుమాట చేయి మారింది. అమెరికా సాహిత్యంలో ఇదొక పెద్ద మలుపని నేనంటాను. నాకు చెప్పిన ఏ పాఠంలోనూ ఇది మలుపు కాదు.

హారియెట్ జేకబ్స్‌ది ఇంకా అన్యాయం. 1861లో మారు పేరుతో తన కథ రాసుకుంది. ఎడిటరుగా లిడియా మరియా చైల్డ్ పేరుంది. ఇంకేం, ఇది ఆ తెల్లామె అల్లిన నవలే అయ్యుంటుందని పండితులు వందేళ్లకి పైగా అనుకున్నారు. జీన్ ఫేగన్ యెల్లిన్ అనే పరిశోధకురాలు ఉత్తరాలన్నీ వెతికి, జేకబ్సే రాసిందని 1980లలో రుజువు చేసింది. అండగా పెట్టుకున్న పేరే అసలు పేరుని మింగేసింది.

ఇదంతా పాతకాలం అనుకోకండి. 1940లో రిచర్డ్ రైట్ 'నేటివ్ సన్' వచ్చింది. బుక్ క్లబ్ వాళ్లు కోరిన మార్పులు చేశాక, డొరోతీ కాన్‌ఫీల్డ్ ఫిషర్ అనే తెల్ల రచయిత్రి ముందుమాటతో వచ్చింది. 1945లో ఆయన ఆత్మకథ 'బ్లాక్ బాయ్' వచ్చేసరికి క్లబ్ సగం పుస్తకం తీసేయించింది. ఏ సగం? దక్షిణాదిలో పడ్డ బాధలు ఉంచారు, ఉత్తరాదిన షికాగోలో ఎదురైనవి తీసేశారు. తీసేసిన సగం 1977లో విడిగా వచ్చింది. అప్పటికి రైట్ పోయి 17 ఏళ్లు. రెండు సగాలూ ఆయన రాసినట్టు ఒక్కచోట కలిసింది 1991లో.

ఇది చదివినప్పుడు నాకు మన సంగతే గుర్తొచ్చింది. ఊళ్లో కరణం దుర్మార్గం రాయి, కళ్లనీళ్లు పెట్టుకుంటారు. యూనివర్సిటీ హాస్టలు గురించీ, పత్రికాఫీసు గురించీ రాయి, కులగజ్జి అంటారు. నేను అమెరికన్ కవిత్వం మీద వ్యాసం పంపితే ఒక ఎడిటరు, 'బానే ఉందయ్యా, గానీ మీ పేటలో బతుకు గురించి రాయొచ్చుగా' అన్నాడు. అనుభవం మీది, విమర్శ మాది అనడమే ఇది. డగ్లస్‌కి చెప్పిన మాటే.

అక్కడివాళ్లు దీనికేం చేశారు? 1926లోనే లాంగ్‌స్టన్ హ్యూస్, తెల్లవాళ్ల మెప్పు మన రాతకి కొలత కాదని వ్యాసం రాసి తేల్చేశాడు. 1960లో దిక్కులేకుండా పోయిన జోరా నీల్ హర్‌స్టన్ సమాధిని 1973లో వెతుక్కుంటూ వెళ్లి, పేరు చెక్కిన రాయి పెట్టించింది ఆలిస్ వాకర్. టోనీ మారిసన్ పెద్ద ప్రచురణ సంస్థలో ఎడిటరుగా కూచుని తనవాళ్ల పుస్తకాలు అచ్చేయించింది. 'బిలవ్డ్' 1987లో వచ్చింది. అదే ఏడు డిసెంబరులో జేమ్స్ బాల్డ్విన్ పోయాడు, పులిట్జర్ గానీ నేషనల్ బుక్ అవార్డు గానీ లేకుండానే. మారిసన్‌కీ ఇదే గతా అని 1988 జనవరిలో 48 మంది నల్ల రచయితలు న్యూయార్క్ టైమ్స్‌లో సంతకాలు చేసి ప్రకటన ఇచ్చారు. ఆ ఏడే ఆమెకి పులిట్జర్ వచ్చింది. 1993లో నోబెల్.

18 సంతకాలకీ 48 సంతకాలకీ మధ్య రెండొందల ఏళ్ల దూరం ఉంది. మొదటివి ఈమె రాయగలదని పైవాళ్లు ఇచ్చిన హామీ. రెండోవి ఈమెని చదవడం మీకు చేతకాలేదని తనవాళ్లు చేసిన నిలదీత. 1992లో మారిసన్ ఇంకో అడుగు వేసింది. పో నుంచి హెమింగ్వే దాకా తెల్లవాళ్ల సాహిత్యాన్నే బల్ల మీద పెట్టి, అందులో నల్లమనిషి నీడ లేకుండా తెల్ల కథ నిలబడదని విమర్శ రాసింది. తత్వం మేం చూసుకుంటాం అన్నవాళ్లకి అది జవాబు.

పోరు అయిపోలేదు. బడి లైబ్రరీల్లోంచి తీసెయ్యమని 2022లో అమెరికాలో ఎక్కువ గొడవ జరిగిన పుస్తకాల్లో మారిసన్ మొదటి నవల ఉంది. మరోపక్క 2024లో పెర్సివల్ ఎవరెట్, ట్వైన్ 'హకల్‌బెరీ ఫిన్'లోని బానిస జిమ్ నోటితోనే ఆ కథంతా తిరగరాశాడు. ఈ జిమ్‌కి చదవడం, రాయడం వచ్చు. తెల్లవాళ్ల ముందే రానట్టు మాట్లాడతాడు. ఆ నవలలో ఒక పెన్సిలు ముక్క కోసం ఒక బానిస ప్రాణం పోతుంది. 2025లో దానికి పులిట్జర్ వచ్చింది.

ఇవన్నీ మనకి దూరపు చుట్టాల కబుర్లు కావు. 1946లో అంబేద్కర్ డుబాయిస్‌కి ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయి కుర్రాళ్లు బ్లాక్ పాంథర్ల పేరు తెచ్చుకుని దళిత పాంథర్స్ అయ్యారు. అలెక్స్ హేలీ 'రూట్స్'ని సహవాసి 'ఏడు తరాలు'గా తెలుగు చేస్తే, మన హాస్టళ్లలో అట్టలు ఊడిపోయేదాకా చేతులు మారింది. కాబట్టి చదువుకుంటున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నేను చెప్పేది ఒకటే. మన పుస్తకాల మొదటి పేజీలు కూడా తిరగేసి చూడండి. మొదటి పుస్తకం వేసుకునే దళిత కవి ఎవరి గుమ్మం ముందు ముందుమాట కోసం నిలబడి ఉన్నాడో చూడండి. ఆ ముందుమాట మీరు రాయండి. మన బతుకులు మనం రాస్తూనే వాళ్ల పుస్తకాల మీద విమర్శ కూడా మనమే రాద్దాం. దానికి ఎవడి అటెస్టేషనూ అక్కర్లేదు.