సమతల పయనానికి కంటికొలత

విమానం ఎత్తు మారకుండా, రెక్కలు ఒరగకుండా, ఒకే దిశలో సాగడాన్ని పైలట్లు ‘స్ట్రెయిట్ అండ్ లెవెల్’ అంటారు. శిక్షణలో తొలి పాఠాల్లో ఇదొకటి. క్షితిజరేఖకు విమానం ముక్కు ఎంత దిగువన ఉంది, రెండు రెక్కల కొసలూ దానికి సమాన దూరంలో ఉన్నాయా అన్న రెండు ప్రశ్నలకూ ముందుగా జవాబు చెప్పాల్సింది కన్నే.

కొన్ని చిన్న విమానాల్లో ఈ కంటికొలతకు చిక్కులున్నాయి. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 2004లో లైట్ స్పోర్ట్ విమానాలను ప్రత్యేక తరగతిగా గుర్తించింది. నేల మీద దిగేవాటికి అప్పట్లో పెట్టిన గరిష్ఠ బరువు 600 కిలోలు. సీట్లు రెండుకు మించకూడదన్నదీ అప్పటి నియమమే. ఈ చిన్న విమానాల్లో చాలావాటికి ఇంజిన్ మీది కప్పు పొట్టిగా, గుండ్రంగా, ముందుకు వాలి ఉంటుంది. కొలతకు పనికొచ్చే తిన్నని అంచు అక్కడ దొరకదు.

సీట్లు పక్కపక్కనే ఉంటే మరో చిక్కు. ఎడమ సీట్లోని పైలట్ కప్పు నడిమి భాగాన్ని గురుతుగా పెట్టుకుంటే, ఎడమకు తిరిగేటప్పుడు ముక్కు లేచినట్టూ, కుడికి తిరిగేటప్పుడు దిగినట్టూ కనిపిస్తుంది. దాన్ని నమ్మి సరిదిద్దబోతే ఎడమ మలుపులో ఎత్తు తగ్గుతుంది, కుడి మలుపులో పెరుగుతుంది. అందుకే గురుతు తన కళ్లకు సూటిగా ఎదురుగా ఉండాలి. ముందు అద్దం మీద చెరిపేయగల చిన్న చుక్క పెట్టుకున్నా చాలు. సీటు ఎత్తు మారితే ఆ గురుతూ మారుతుంది కాబట్టి ప్రతిసారీ ఒకేలా కూర్చోవాలి.

ఒక్క గురుతు అన్ని వేగాలకూ సరిపోదు. వేగం తగ్గినప్పుడు అదే ఎత్తులో నిలవడానికి ముక్కు కొంచెం పైకి ఉండాలి. ఇంత తేలికైన విమానంలో పక్కన ఇంకొకరు కూర్చున్నా తేడా తెలుస్తుంది.

పవర్, ముక్కు స్థితి కుదిరాక ఎత్తు చూపే ఆల్టిమీటర్‌తో సరిచూసుకోవాలి. ముల్లు కదలకపోతే కంటికొలత సరైనదే. ఆ తర్వాత ముక్కును ఆ స్థితిలోనే నిలిపి ఉంచే ట్రిమ్ సర్ది, స్టిక్ (నడిపే కడ్డీ) మీద చేతి ఒత్తిడి తీసేయాలి. ఎక్కే, దిగే వేగాన్ని చూపే ముల్లు కాస్త ఆలస్యంగా స్పందిస్తుంది. దాని వెంట పడితే విమానం పైకీ కిందికీ ఊగుతుంది.

కొండల వరుస, ఏటవాలు మబ్బుల అంచు క్షితిజరేఖలా భ్రమింపజేస్తాయి. పొగమంచు అసలు రేఖనే కప్పేస్తుంది. నెమ్మదిగా మొదలైన ఒరుగుదలను లోపలి చెవి పసిగట్టలేదు. ఒంటికి తోచినదాన్ని నమ్మకుండా పరికరాలను చూడాల్సిన సమయం అదే.

తేటగా ఉన్న పగటి ఆకాశంలో మాత్రం చూపు ఎక్కువసేపు బయటే ఉండాలి. ఎదురొచ్చే విమానం కనిపించేదీ అక్కడే. కొత్తగా నేర్చుకునేవారు తెరల మీది అంకెలకన్నా ముందు క్షితిజరేఖను చదవడం నేర్చుకోవాలి.