‘ఎందుకో తేడాగా ఉంది సార్’: పట్రీషియా బెనర్ పుస్తకం గురించి

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళలో చాలామంది ‘డ్రైఫస్ మోడల్’ని ఏదో ఒక ట్రైనింగ్ స్లైడులో చూసే ఉంటారు. ఏ పనైనా నేర్చుకునే మనిషి కొత్తవాడిగా మొదలై నిపుణుడయ్యేదాకా ఐదు మెట్లు ఎక్కుతాడని దాని సారాంశం. బర్క్‌లీలో పనిచేసిన అన్నదమ్ములు స్టువర్ట్, హ్యూబర్ట్ డ్రైఫస్ 1980లో అమెరికా వైమానిక దళం కోసం రాసిన రిపోర్టులోది ఇది. దాన్ని ఆస్పత్రి వార్డులోకి తీసుకెళ్ళింది పట్రీషియా బెనర్. ఆవిడా నర్సే. 1984లో వచ్చిన ఆవిడ పుస్తకం ‘ఫ్రం నోవిస్ టు ఎక్స్‌పర్ట్: ఎక్సలెన్స్ అండ్ పవర్ ఇన్ క్లినికల్ నర్సింగ్ ప్రాక్టీస్’. ఐదు మెట్ల బొమ్మ మా దాకా వచ్చింది గానీ, ఆ పేరులోని రెండో సగం రాలేదు. నా మటుకు అసలు సరుకంతా అక్కడే ఉంది.

బెనర్ నర్సులతో మాట్లాడి, వాళ్ళు చెప్పిన సంఘటనల్లోంచి 31 నైపుణ్యాలు ఏరి, ఏడు విభాగాలు చేసింది. విభజన పొడిగానే ఉంటుంది. సంఘటనలు మాత్రం ఆపకుండా చదివిస్తాయి. కొత్త నర్సుకి రూల్ కావాలి: బీపీ ఇంతకు పడితే డాక్టర్ని పిలువు. ఆరితేరిన నర్సు ముందు మనిషిని మొత్తంగా చూస్తుంది, అంకెలు ఆ తర్వాత.

నిమిషానికి 140 సార్లు గుండె కొట్టుకోవడం అప్పుడే పుట్టిన బిడ్డకి మామూలే. మంచం మీద పడుకుని ఉన్న డెబ్భై ఏళ్ళ పెద్దాయనకి కాదు. ఇంతవరకూ టేబుల్‌లో పెట్టొచ్చు. కానీ ఇన్‌ఫెక్షన్ సోకిన పసిబిడ్డకి ఒక్కోసారి జ్వరమే రాదు. పాలు సరిగా తాగదు, వాడిపోతుంది, ఒళ్ళు చల్లబడుతుంది కూడా. పెద్దవాళ్ళలో అదే ఇన్‌ఫెక్షన్ మతి తడబాటుగా బయటపడొచ్చు. నిన్న కూతుర్ని పేరుపెట్టి పిలిచిన మనిషి ఇవాళ ఎక్కడున్నాడో చెప్పలేడు. ఆ తేడా నిన్న చూసినవాళ్ళకే తెలుస్తుంది. అందుకే బెనర్ అంటుంది, ఎంత నిపుణురాలైనా పరిచయం లేని రకం పేషెంట్ల మధ్యకి వెళ్తే మళ్ళీ మొదటి మెట్టు మీదే ఉండొచ్చని. అనుభవమంటే సర్వీసు సంవత్సరాలు కాదు, మన అంచనాలు రోగి దగ్గర తప్పి దిద్దుకోబడటం.

నాకున్న పేచీ ఒకటే. ఇవి ఎక్కువగా అనుమానం నిజమైన కథలు. నిజం కానివెక్కడ? ఒక అలారం సిస్టం మంచిదో కాదో, అది సరిగ్గా మోగిన రాత్రుల్ని మాత్రమే చూసి చెప్పలేం కదా. పైగా ‘ఈవిడెప్పుడూ ఇలాగే అరుస్తుందిలే’ అనిపించేదీ అనుభవమే, దాని కింద నిజమైన నొప్పి కప్పడిపోవచ్చు. తను శ్రేష్ఠమైన పనినే ఎంచుకున్నానని బెనర్ దాచుకోదు. అయినా, అంతర్దృష్టి ఎక్కడ ఆగి దురభిప్రాయం ఎక్కడ మొదలవుతుందో ఈ పుస్తకం తేల్చదు.

ఇక పేరులోని ఆ ‘పవర్’. అర్ధరాత్రి నర్సు ఫోన్ చేసి “ఎందుకో తేడాగా ఉంది సార్, ఒకసారి వచ్చి చూడండి” అంటే, అవతల్నుంచి “బీపీ ఎంత?” అని అడుగుతారు. బీపీ బాగానే ఉంటే సంభాషణ అక్కడితో అయిపోతుంది. ఆమెకి తెలిసింది ఆమె దగ్గరే ఉండిపోతుంది. 1990లో సిడ్నీలోని లివర్‌పూల్ హాస్పిటల్‌లో మొదలై చాలాచోట్లకి పాకిన ‘మెడికల్ ఎమర్జెన్సీ టీం’ పద్ధతిలో, టీంని పిలవడానికి రాసుకునే కారణాల్లో అంకెలతోపాటు ‘ఈ పేషెంటు గురించి నాకు ఆందోళనగా ఉంది’ అన్నదీ ఉంటుంది. నా పేచీకి కూడా కొంత జవాబు ఇందులోనే దొరికింది. నర్సు అనుమానాన్ని తీర్పుగా ఒప్పుకోనక్కర్లేదు, వచ్చి చూడ్డానికి కారణంగా ఒప్పుకుంటే చాలు.

మన కథల్లో, సినిమాల్లో నర్సంటే ఎక్కువగా దయ, చల్లని నవ్వు. ఆలోచించే నర్సు, డాక్టర్ కంటే ముందు పసిగట్టే నర్సు నాకు తగిలింది తక్కువ. ఆ వెలితి తెలియడానికైనా ఇది చదవాలి. కెరీర్, శిక్షణల గురించిన చివరి అధ్యాయాలు అడ్మినిస్ట్రేటర్ల కోసం, దాటేసినా ఫర్వాలేదు. నర్సులు తమ మాటల్లో చెప్పుకున్న మధ్యభాగాన్ని మాత్రం వదలొద్దు.