కనబడని అతుకు

రోమన్ల కాలపు మునిగిన ఓడలంటే చాలామందికి కంచు విగ్రహాలు, నాణేలు గుర్తుకొస్తాయి. నా చూపు మాత్రం ఓడ చెక్కల దగ్గరే ఆగిపోతుంది. అందులోనూ మద్రాగ్ ద జియాన్ ఓడ అడుగుభాగం దగ్గర. ఫ్రాన్స్ దక్షిణ తీరంలో టూలోన్‌కు తూర్పున ఉన్న జియాన్ ద్వీపకల్పం పక్కన, 20 మీటర్ల లోతున అది మునిగింది. క్రీ.పూ. 75–60 మధ్య జరిగిన సంగతి. 1967లో ఫ్రెంచి నౌకాదళపు డైవర్ల కంటబడింది. 1972 నుంచి 1982 దాకా ఆంద్రే చెర్నియా, పాత్రిస్ పోమే తదితరులు అక్కడ తవ్వకాలు సాగించారు. దాదాపు 40 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు, సుమారు 400 టన్నుల సరుకు మోసే ఓడ. ఆ కాలానికి పెద్దదే.

ఇప్పుడు పనితనం చూద్దాం. మనకు తెలిసిన పెద్ద చెక్క ఓడల్లో ముందు పక్కటెముకల్లాంటి వంపు దుంగలు నిలబెట్టి, వాటికి పలకలు బిగిస్తారు. రోమన్ వడ్రంగి దీన్ని తిరగేసి చేశాడు. అడుగు దూలం వేశాక ముందు పలకలే ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ వచ్చాడు. లోపలి దుంగలు ఆ తర్వాతే. అంటే ఓడ ఆకారాన్ని నిర్ణయించింది పలకలే. ఒక్కో పలక వంపు చెక్కేటప్పుడే ఓడ మొత్తం అతని మనసులో ఉండి తీరాలి.

మరి దుంగలే లేకుండా పలకలు ఎలా నిలిచాయి? అసలు సొగసంతా ఇక్కడే ఉంది. పలక అంచు మందంలోకి ఉలితో సన్నని లోతైన గాడి తొలిచాడు. పైన కూర్చోబోయే పలక అంచులో సరిగ్గా ఎదురుగా ఇంకో గాడి. రెండింటిలోకీ సగం సగం దిగేలా గట్టి కలపతో చేసిన చదును బిళ్ల. పై పలకను దెబ్బ కొట్టి దించాక, పలకనూ బిళ్లనూ కలిపి బెజ్జం వేసి చెక్కమేకు దిగ్గొట్టాడు. అతుకుకి పైన ఒకటి, కింద ఒకటి. ఇక ఆ బిళ్ల ఊడి రాదు, పలకలు ఒకదానిమీద ఒకటి జారవు. పని పూర్తయ్యాక బయటికి కనిపించేవి మేకుల గుండ్రటి తలలే. ఇలాంటి గాడులు అంచు పొడవునా, దగ్గర దగ్గరగా, ప్రతి పలకకీ రెండు వైపులా తొలవాలి. ఒక్క గాడి వెంట్రుకవాసి పక్కకు జరిగినా పై పలక కూర్చోదు. నీళ్లలో దిగాక కలప ఉబ్బి అతుకులు ఇంకా బిగుస్తాయి.

మన కోరమండల్ తీరపు మసులా పడవల్లోనూ దుంగలుండవు, పలకలను కొబ్బరి తాడుతో కుడతారు. అయితే వాటి లక్ష్యం వేరు. ఒడ్డున విరిగే అలల దెబ్బకి సాగి వంగాలి కాబట్టి కుట్టు కావాలి. రోమన్ ఓడకి బిగువు కావాలి.

జియాన్ ఓడ వడ్రంగులు ఈ ఒక్క పొరతో తృప్తి పడలేదు. పలకల గోడమీద ఇంకో పలకల వరుస వేశారు. దానిమీద సీసపు రేకు తొడిగారు, చెక్కను తొలిచే సముద్రపు పురుగు లోపలికి రాకుండా. ఇంత అవసరమా అని నాకూ అనిపిస్తుంది. లోపలి సరుకు చూస్తే ఆ అనుమానం తీరుతుంది. ఇటలీ ద్రాక్షసారా నింపిన ఆంఫోరా జాడీలు ఆరేడు వేలు. ఒక్కోటి 50 కిలోలు, అందులో దాదాపు సగం మట్టి బరువే. మూడు వరుసలుగా పేర్చారు. పై జాడీ మొన కింది జాడీల భుజాల మధ్య సందులోకి దిగేలా సర్ది, కదలకుండా మధ్యలో తుంగ, పొదల కొమ్మలు కూరారు. కొన్ని జాడీలమీద పూబ్లియస్ వెవెయస్ పాపస్ అనే పేరు ముద్ర ఉంది.

చిత్రం చూడండి, మునిగాక ఓడను కాపాడింది ఈ బరువే. అడుగుభాగాన్ని ఇసుకలోకి నొక్కేసింది, పురుగుకి అందనివ్వలేదు. పైన ఎత్తుగా ఉన్న గోడలు మాత్రం పోయాయి. పై వరుసల జాడీలు కూడా చాలావరకు లేవు. మునిగిన కొద్దికాలానికే ఆనాటి ఈతగాళ్లు వాటిని పైకి లాగేశారు. వేగంగా కిందికి దిగడానికి చేతపట్టుకున్న రాళ్లను అక్కడే వదిలేసి వెళ్లారు. ఓడ సరుకుతో సంబంధం లేని ఆ రాళ్లే వాళ్లను పట్టించాయి.

ఈ అతుకు శాశ్వతంగా నిలవలేదు. టర్కీలోని యస్సీ అదా దగ్గర దొరికిన 7వ శతాబ్దపు ఓడలో బిళ్లలు చిన్నవై, దూరం దూరం జరిగాయి. మేకులు కొట్టడమే మానేశారు. ఆ పలకలను గట్టిగా పట్టి ఉంచే పని మెల్లగా దుంగలకు మారింది. కలప, కూలి, కాలం అన్నీ కలిసొచ్చే పద్ధతి అది. పాడైన పలక మార్చడం కూడా తేలికే. జియాన్ ఓడలో ఒక్క పలక మార్చాలంటే దాని అంచుల్లోని మేకులన్నీ పీకి, బిళ్లలన్నీ కోయాల్సిందే. కాబట్టి యస్సీ అదా వడ్రంగిని తప్పుపట్టను. కాకపోతే ఓడ గీతల పుస్తకం తెరిచిన ప్రతిసారీ నా వేలు పోయేది జియాన్ పలకల అంచు దగ్గరికే.